భేజాల్ మేస్త్రి గోడ

మిఠాయి పెట్టెతో వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడే అలవాటు నాకు లేదు. అందుకే పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున శ్రవణ్ అనే యువకుడు చేతిలో సందేశ్ పెట్టెతో తలుపు కొట్టినప్పుడు, ఎవరు ఏమిటి అని అడక్కుండానే లోపలికి రమ్మన్నాను. కరీంనగర్ నుంచి వచ్చి కలకత్తాలో ఒక కట్టుబడి కంపెనీలో ఇంజనీరుగా చేస్తున్నాడట. ఇసుకా సిమెంటూ నీళ్లూ ఏ పాళ్లలో కలపాలో పాలిటెక్నిక్ పిల్లలకు నేర్పి నేర్పి, రిటైరై, ఖిదిర్‌పూర్ ఫ్లాటులో మోకాళ్లకు నూనె రాసుకుంటూ కూర్చున్న నన్ను తెలుగు సంఘం వాళ్లు చూపించారట. చక్కెర జబ్బు మనిషికి సందేశ్ దేనికి నాయనా అంటూనే ఆశగా మూత తీశాను. లోపల ఒక పిడికెడు పాత మాలు ముద్ద ఉంది, గోడలో ఇటుకల మధ్య నుంచి ఊడదీసింది. బూడిద రంగు మీద ఎర్రటి నలుసులు.

"బడ్జ్ బడ్జ్‌ల నది ఒడ్డుకు పాత జూట్ గోదాము ఉన్నది మేడం. దాని గోడ కూలగొట్టాలె. శాంపిల్ కోసమని డ్రిల్లు పెడితే రెండు బిట్లు ఇరిగినయి," అన్నాడు శ్రవణ్. "పక్కన మొన్న మొన్న కట్టిన గోడలన్నీ నోనా పట్టి రాలుతున్నయి. ఇది మాత్రం అట్లనే నిలబడ్డది. ఇందుల ఏం కలిపిన్రో మీరే చెప్పాలె."

నోనా అంటే ఈ ఊళ్లో గోడలకు పట్టే ఉప్పు చెమ్మ. కలకత్తాలో ఇల్లున్న ప్రతివాడికీ నోనాతో పోరాటం తప్పదు. తెల్లగా పొంగి, సున్నాన్ని పొట్టులా లేపి, చివరకు ఇటుకను కూడా పిండి చేసి వదులుతుంది. నేను ఆ ముద్దను గోటితో గీకి నాలిక చివర పెట్టుకున్నాను. శ్రవణ్ కంగారుపడి మంచినీళ్ల గ్లాసు అందించబోయాడు. మాలు రుచి చూడటం మా ఇంటి ఆచారం, భయపడకు అన్నాను. మెట్ల రేవు పక్కనున్న గోడేనా అని అడిగితే అదేనన్నాడు. "అయితే అది కట్టింది మా అయ్య," అన్నాను.

శ్రవణ్ తల వంచుకున్నాడు. పెట్టె మూత మూస్తూ, మెల్లగా చెప్పాడు. "గోదాము పాత ఫైలు మా ఆఫీసుల ఉన్నది మేడం. గోడ మాలులో బూడిద కల్తీ చేసిన మేస్త్రిని తీసేసినం అని రాసి ఉన్నది." అవును, ఆ కల్తీ మేస్త్రి పేరు అప్పన్న, నేను అతని కూతురు పైడితల్లిని అని చెప్పాను. చెబుతుంటే చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లయినా ఆ మాట ఒక ఫైల్లో బతికే ఉందని నాకు తెలియదు. సిగ్గు వేసిందనుకునేరు. సిగ్గు కాదు, ఒళ్లు మండింది.

మా ఇల్లు వాట్‌గంజ్‌లో ఉండేది. ఓడరేవు వెనక సందు, అందులో ఒకే గది, ముందు చిన్న అరుగు. ఎడమ పక్క ఒరియా వాళ్లు, కుడి పక్క బీహారీలు, ఎదురుగా బెంగాలీ ముసలామె. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత సున్నం పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. గానుగలో సున్నం, ఇసుక, ఇటుక పొడి వేసి రోజంతా ఎద్దుల చేత తిప్పించి, వెన్నలా అయిన మాలుతో గోడలు కట్టిన తరం అతనిది. సిమెంటు వచ్చాక గానుగలు మూలపడ్డాయి. గానుగ పోయినా ఇటుక పొడి మాత్రం మా గదిని వదల్లేదు. ప్రతి సాయంత్రం అమ్మ పాత ఇటుకల్ని రోట్లో వేసి దంచేది. బాగా కాలి నల్లబడ్డ ఇటుక పనికిరాదు, ఎర్రగా ఉండి వేలితో రుద్దితే రంగు అంటేది కావాలి. దంచిన పొడిని పాత చీర గుడ్డలో జల్లించాలి. గుడ్డకు ఒక కొస అమ్మది, ఒక కొస నాది. "ఒలే పైడీ, గట్టిగా నాగి పట్టుకోయే. ఒక్క రవ్వ పడినా మీయయ్య నన్ను నమిలి మింగీస్తాడు," అనేది. మా జడలు ఎర్రన, మా అంబలి గిన్నెలు ఎర్రన, ఉతికి ఆరేసిన పరికిణీలు ఎర్రన. నీళ్లు చల్లితే గదంతా తొలకరి వాసన. చోడి అంబలి, కాల్చిన ఎండు చేప, తడిసిన ఇటుక పొడి, ఈ మూడు వాసనలూ కలిస్తేనే నాకు ఇల్లు.

బూడిద పని మాత్రం మా అయ్యది. బియ్యం మిల్లుల దగ్గర ఊకను కుప్పపోసి, మంట లేవకుండా రోజుల తరబడి నివురులా కాలనిచ్చి, తెల్లబడ్డాకే తెచ్చేవాడు. నల్లగా ఉంటే తేడు. తెచ్చిన బూడిదను చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేవాడు. బజార్లో చేప కొనేటప్పుడు మొప్పలెత్తి చూసే బెంగాలీ బాబులకు ఎంత శ్రద్ధ ఉంటుందో, అంత శ్రద్ధ. సిమెంటులో కొంత తగ్గించి, ఆ తగ్గించిన చోట ఇటుక పొడీ బూడిదా వేసి, పొడిగా ఉన్నప్పుడే మూడుసార్లు తిరగేసి, ఆ తరవాతే నీళ్లు పోసేవాడు. ఎందుకయ్యా అని నేనడిగితే, "సిమెంటుకి తొందరెక్కువే. బేగి బిగిసిపోద్ది, బేగి పగిలిపోద్ది. ఇయి కలిపితే నెమ్మదిస్తాది," అనేవాడు. తరవాత నేను చదివిన పుస్తకాల్లో ఇదే సంగతి ఇంకోలా ఉంది. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నం మిగిలిపోతుంది. నీటికి కరిగి గోడలో సన్నటి దారులు వదిలేది ఆ మిగులు సున్నమే. ఆ దారుల్లోంచే ఉప్పు లోపలికి వస్తుంది. మెత్తటి ఇటుక పొడీ ఊక బూడిదా ఆ సున్నాన్ని పట్టుకుని మరింత బంకగా మారి దారుల్ని మూసేస్తాయి. కాకపోతే అవి నింపాదిగా పనిచేస్తాయి, గోడ తడిగా ఉన్నన్నాళ్లే పనిచేస్తాయి. వారంలో చూస్తే బలం తక్కువ, నెలలు గడిచాక చూస్తే ఎక్కువ. పుస్తకం రాసినవాళ్లకు పట్టాలిచ్చారు. మా అయ్యకు ఇచ్చింది మరొకటి.

బడ్జ్ బడ్జ్ గోడ పని మీద పెత్తనం చేసే ఇంజనీరు సర్కార్ బాబు. తెల్ల ప్యాంటు, చేతిలో గొడుగు. ఒకరోజు మాలు కలిపే చోట బూడిద గోనె కనబడింది. ఏమిటిదని అడిగాడు. అయ్య దాచాలనుకోలేదు, దాచాల్సిన పనని అతనికి తట్టనేలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. అంతే, "భేజాల్! భేజాల్!" అని ఒడ్డంతా వినబడేలా అరిచాడట సర్కార్ బాబు. కల్తీకి బెంగాలీలో అదే మాట. మాలుతో దిమ్మలు పోయించి ఏడో రోజున బలం చూసే మిషనులో పెట్టి నొక్కించాడు. ఒట్టి సిమెంటు దిమ్మకంటే ముందే అయ్య దిమ్మ పగిలింది. "రెండు మాసాలాగండి బాబూ, అప్పుడు నొక్కి సూడండి," అని అయ్య వచ్చీరాని బెంగాలీలో బతిమాలాడు. ఆగలేదు. కల్తీ చేశానని ఒప్పుకుంటూ రాసిన కాగితం తెచ్చి, వేలిముద్ర వెయ్యి, వేస్తే కూలీగానైనా ఉంచుతాం అన్నారు. అయ్య వెయ్యలేదు. "ఈ ఏలు నాది బాబూ. అబద్దానికి అంటించను," అన్నాడు. ఆ మాట అయ్య మాకు చెప్పలేదు, పక్కన పనిచేసినవాళ్లు చెప్పారు. అయ్యను పన్లోంచి గెంటేశారు, మళ్లీ కడితే ఖర్చని గోడను మాత్రం ఉంచుకున్నారు. అయ్య ఇంటికొచ్చి తాపీ కడిగి, రసమట్టం తుడిచి, అమ్మ పెట్టిన అంబలి తాగి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే లేచి గోనెసంచులు వెతకడం మొదలుపెట్టాడు. అమ్మకు అర్థమైంది. "ఒగ్గీ మావా. ఆల గోడ, ఆలిష్టం. నీకేటి పని?" అంది. అయ్య సంచులు దులుపుతూనే, "గోడ ఆల్దే. మాలు నాది. ఇప్పుడెండిపోతే సచ్చిపోద్ది," అన్నాడు. అప్పటినుంచి దాదాపు రెండు నెలలు మేం ముగ్గురం రోజూ మాఝేర్‌హాట్ దాకా నడిచి, లోకల్ బండెక్కి, బడ్జ్ బడ్జ్ వెళ్లి, మమ్మల్ని గెంటేసిన గోడను తడిపి వచ్చాం. నది నీళ్లు ముట్టనిచ్చేవాడు కాదు, పోటుతోపాటు ఉప్పు వస్తుందని. రోడ్డవతలి చేతిపంపు దగ్గర బిందెలు నింపి మోసేవాళ్లం. గోడ తల మీంచి రెండు వైపులా గోనెసంచులు వేలాడదీసి, వాటి మీద నీళ్లు పోసేవాళ్లం. గోదాము కాపలావాడు చూసీ చూడనట్టు బీడీ కాల్చుకునేవాడు. అటుగా పోయే మిల్లు కార్మికులు నవ్వేవాళ్లు. అయ్య ఎవరి వైపూ చూసేవాడు కాదు. ఆ ఎండలో, ఆ నవ్వుల్లో, తనను దొంగన్న వాళ్ల గోడకు నీళ్లు పట్టిన మనిషిని నేను కళ్లారా చూశాను. ఆ తరవాత నన్నెవరూ భయపెట్టలేకపోయారు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మెట్ల రేవు వైపు చివరి ముక్క, నా చేతులు చాపితే రెండు బారలుంటుందేమో, నా వంతు. మొదట్లో బుద్ధిగానే తడిపాను. తరవాత ఒడ్డున పడవల్లోంచి సరుకు దింపడం చూడటం మరిగాను. ఝాల్‌ముడీ అనే కారం మరమరాలు అమ్మే అతను కూడా అక్కడే తిరిగేవాడు. పై సంచులు తడపాలంటే పీట ఎక్కాలి, నీళ్లు మళ్లీ మొయ్యాలి. బద్ధకమేసి, బిందెడు నీళ్లూ గోడ అడుగున మట్టి మీద పోసేసేదాన్ని. సాయంత్రం అయ్య వచ్చి వంగి మట్టి తడిమి, తడిగా ఉంది కదా అని తల ఊపి వెళ్లిపోయేవాడు. నన్ను నమ్మాడు. ఎన్ని రోజులలా చేశానో గుర్తులేదు, ఒకటి రెండు రోజులు మాత్రం కాదు.

ఆ పేరు సందులోకి కూడా వచ్చింది. పిల్లలు అయ్యను "భేజాల్ మిస్త్రీ" అని పిలిచేవాళ్లు. పెద్ద పనులు రావడం మానేశాయి. అయ్య ఇంకొకళ్ల కింద చేరి, వాళ్లు చెప్పినట్టు ఒట్టి సిమెంటుతో కట్టాడు. తన మాలు మళ్లీ కలపలేదు. అమ్మ రోలు పచ్చడికి వాడుకుంది. మా గదిలో ఎరుపు క్రమంగా పోయింది, నాకు ఏడుపొచ్చేది. నేను ఎందుకు చదివాను, ఆడపిల్ల ఒక్కతీ లేని క్లాసులో సిమెంటు చదువే ఎందుకు చదివాను అంటే, సర్కార్ బాబు దిమ్మను రెండు నెలల తరవాత నొక్కి చూడాలని. ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాదే అయ్య పాళ్లతో దిమ్మలు పోశాను. రెండు నెలలు నీళ్లలో ఉంచాను. నొక్కితే ఒట్టి సిమెంటు దిమ్మే ముందు పగిలింది. తోటి మాస్టర్లు టీ తాగడానికి పోయారు, నేను ఆ మిషను పక్కన నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అప్పటికి అయ్య పనులకు పోవడం మానేశాడు. కొంతకాలానికి బజారులోకి బూడిద కలిపిన సిమెంటే వచ్చింది. కరెంటు ప్లాంట్లలో బొగ్గు కాలిస్తే మిగిలే బూడిద. దాన్ని ఫ్యాక్టరీలోనే కలిపి, కలిపామని సంచి మీద అచ్చేసి, నీటి దెబ్బకూ ఉప్పు దెబ్బకూ తట్టుకుంటుందని చెప్పి అమ్ముతున్నారు. ఒక ఖాళీ సంచి ఇంటికి తెచ్చి అయ్యకు చదివి వినిపించాను. "మల్లీ సదువు," అన్నాడు. మళ్లీ చదివాను. "మరి నన్నెందుకు గెంటీసినారే?" అని అడిగాడు. మా అయ్య చేస్తే కల్తీ, కంపెనీ చేస్తే మేలు రకం. అయ్య ఆ సంచిని నాలుగు మడతలు పెట్టి, వీధి గుమ్మం బయట కాళ్లు తుడుచుకోవడానికి పరిచాడు, అచ్చు పైకి కనబడేలా. వచ్చినవాళ్లందరూ దాని మీద కాళ్లు తుడుచుకునే లోపలికొచ్చారు. అది చిరిగిపోకముందే అయ్య పోయాడు.

శ్రవణ్ నన్ను కారులో బడ్జ్ బడ్జ్ తీసుకెళ్లాడు. మోకాళ్లు మొరాయించినా మెట్ల రేవు దాకా నడిచాను. గోడ ఉంది. నాచు పట్టింది, రావి మొక్కలు వేళ్లు దించాలని చూసి చాలించుకున్నాయి, ఇటుకల అంచులు అరిగాయి గానీ మధ్యన మాలు అరగలేదు, గీతల్లా పైకి తేలి ఉంది. చేత్తో నిమిరాను. ఇక చివరి ముక్క దగ్గరకు వెళితే, నడుము ఎత్తుకు పైన తెల్లగా నోనా. వేలు పెడితే పిండిలా రాలింది. మిగతా గోడంతా నిలిచి, సరిగ్గా నా చిన్నప్పటి రెండు బారలు మాత్రం కుళ్లింది. శ్రవణ్ ఇబ్బందిగా, "మా పెద్దసారు పరీక్షకు ఇక్కడి నుంచే తీయించిండు మేడం. రిపోర్టుల కల్తీ మాలు, గోడ బలహీనం అని వస్తే కూలగొట్టనీకి పర్మిషన్ జల్దీ వస్తదని," అన్నాడు. నా బద్ధకం ఇన్నేళ్ల తరవాత అయ్య మీద సాక్ష్యం చెబుతోంది.

మర్నాడు ఆ పెద్దసారు ఆఫీసుకు వెళ్లాను. మంచి మనిషే, కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. గోడ బలహీనమన్న రిపోర్టు మీద నిపుణురాలిగా నా సంతకం కావాలన్నాడు. నేను నాలుగు పేజీలు రాసి తీసుకెళ్లాను. గోడలో ఏమేం కలిసిందీ, ఎందుకు కలిపిందీ, పాళ్లెంతో, ఏడు రోజుల పరీక్ష ఇలాంటి మాలుకు ఎందుకు చాలదో రాశాను. చెడిన ముక్కలో మాలు చెడ్డది కాదనీ, తడపవలసిన మనిషి తడపలేదనీ, ఆ మనిషిని నేనేననీ రాశాను. కట్టినవాడు అప్పన్న మేస్త్రి అని రాశాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశాడు. "మ్యాడమ్, చాలా బాగుంది, కానీ ఇది రిపోర్టా, కథా? మీ నాన్నగారి పేరు, మీ చిన్నతనం తీసేయండి. గోడ ఎలాగూ పోతుంది," అన్నాడు.

"మీ ఫైల్లో మా నాన్నను దొంగని రాసిన వాక్యముంది. అదీ తీసేస్తారా?" అని అడిగాను. అది పాత రికార్డు, ముట్టుకోవడానికి వీల్లేదన్నాడు. నిందకైతే చోటుంది, పేరుకు లేదు. నా నాలుగు పేజీలూ తీసుకుని లేచాను. టీ కూడా తాగలేదు. సంతకం ఇంకెవరి చేతనో పెట్టించుకున్నారు, అలాంటివాళ్లు ఈ ఊళ్లో కొరతేం కాదు. అప్పట్లో చదువురాని మేస్త్రి వేలిముద్ర వెయ్యనన్నందుకు బతుకు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు చదువుకున్న కూతురు సంతకం పెట్టనంటే పోయేది ఒక కప్పు టీ. కాలం మారిందంటే ఈ మాత్రం మారింది. మా ఇద్దరి జవాబూ ఒకటే అయినందుకు నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

గోడ కొట్టే రోజున రావద్దని శ్రవణ్ ఎంతో చెప్పాడు. వెళ్లాను. ఒక్క పూటలో అయిపోతుందన్న పని రెండో రోజుకూ సగం కాలేదు. మూడో రోజు మధ్యాహ్నం నేను నిలబడే ఉన్నాను, కుర్చీ వేస్తే వద్దన్నాను. పెద్దసారు కూడా వచ్చి గొణుగుతూ వాచీ చూసుకుంటున్నాడు. యంత్రం నడిపే నడివయసు బెంగాలీ మనిషి ఇంజను ఆపి, కిందికి దిగి, మెడలోని గంఛా తువ్వాలుతో మొహం తుడుచుకుని, గోడను ఒక తన్ను తన్నాడు.

"ఏ దేయాల్ కోన్ శాలా గేంథేఛిలో?" అని అరిచాడు. ఈ గోడ కట్టిన వెధవ ఎవడురా అని.

శ్రవణ్ అతన్ని వారించబోయాడు. నేను శ్రవణ్‌ను పక్కకు జరిపి ముందుకు వెళ్లాను. "ఆమార్ బాబా," అన్నాను. మా నాన్న.

అతను నాలిక కరుచుకుని, గంఛా తీసి చేతిలో పట్టుకున్నాడు. తప్పయిపోయింది దీదీ అన్నాడు. తరవాత విరిగిన ముక్క ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, తన వృత్తిలో ఇంత మొండి గోడను ఎరగనని, ఇందులో మీ నాన్న ఏం కలిపాడో చెప్పమని అడిగాడు.

చెప్పాను. ఊక బూడిద సంగతీ, ఇటుక పొడి సంగతీ, సిమెంటు ఎంత తగ్గించేవాడో, ఎన్ని రోజులు తడిపామో, కట్టిన మేస్త్రి పేరేమిటో, ఏదీ దాచకుండా, బెంగాలీలో, ఒడ్డంతా వినబడేలా చెప్పాను. పెద్దసారు వాచీ చూసుకోవడం మానేశాడు. ఆయన వినాలనే అంత గట్టిగా చెప్పాను.